పాఠకుల ప్రశ్నలు: ఫొటో ఇచ్చి బొమ్మ వేయించుకోవాలంటే

ఇంట్లోని ఫొటోలు, పాత వీడియోల నుంచి బొమ్మలు వేయించుకోవడం గురించి విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

మా నాన్నగారికి ఫొటోలు తీయించుకునే అలవాటు లేదు. ఊళ్లో తీసిన ఒక గ్రూప్ ఫొటో తప్ప ఏమీ మిగల్లేదు. 1995లో అక్క పెళ్లి క్యాసెట్‌లో మాత్రం కన్యాదానం దగ్గర బాగా కనిపిస్తారు. టీవీలో ఆపి, ఫోన్‌తో ఫొటో తీసి పంపితే ఆర్టిస్టు కుదరదన్నారు. 2×3 అడుగుల ఆయిల్ పెయింటింగ్ అనుకున్నాం. దారి లేదా? (మర్రిపాలెం)

ఆయన కుదరదన్నది ఆ ఫోన్ ఫొటోతో. టీవీ తెరను ఫోన్‌తో తీస్తే చారలు పడతాయి, అంచులు వంగుతాయి, గదిలో ట్యూబులైటు కూడా అందులో మెరుస్తుంది. క్యాసెట్‌తో మాత్రం పని అవుతుంది. 2×3 అడుగుల ఆయిల్ ఆలోచన మానుకోండి, ఎందుకో చివర్లో చెప్తాం.

ముందు క్యాసెట్ ఎలా ఉందో చూడండి. పైనున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్ట కనిపిస్తుంది. టార్చి వేసి చూస్తే దాని మీద తెల్లటి పొడిలాగో, సాలెగూడులాగో మచ్చలుంటే బూజు పట్టినట్టే. మన సముద్రపు చెమ్మకి బీరువా అడుగున పడున్న క్యాసెట్లకి ఇది మామూలే. అలాంటిదాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్డుకి అంటుకుని, ఆ తర్వాత పెట్టే క్యాసెట్లకి కూడా అంటిస్తుంది. టేపు అతుక్కుని తెగిపోనూవచ్చు. శుభ్రం చేసి ఎక్కించే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. బూజు లేకపోతే, ఆడించే ముందు ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి మళ్లీ వెనక్కి చుట్టించండి. ఏళ్లుగా కదలని చుట్టలు విడిపడతాయి.

కంప్యూటర్‌లోకి ఎక్కించే షాపులో ముందే చెప్పాల్సింది ఒకటుంది: పూలు రాలే మిక్సింగులు, పేర్లు, రంగుల మెరుగు ఏవీ వద్దు, క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు కావాలి, ఫైలు సైజు తగ్గించకూడదు. పెన్‌డ్రైవ్‌లో చోటు మిగలాలని నొక్కేసిన ఫైలులో మొదట పోయేది ముఖంలోని నీడలే. ఆ నీడలే కదా మనకి కావాల్సింది.

ఫైలు వచ్చాక వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి. కీబోర్డు మీద ‘ఇ’ (E) అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేమ్ చొప్పున ముందుకి వెళ్తుంది. షిఫ్ట్‌తో ‘ఎస్’ నొక్కితే ఆ ఫ్రేమ్ ఫొటోగా సేవ్ అవుతుంది. మన క్యాసెట్లలో సెకనుకి 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమ్ మళ్లీ రెండు సగాలు: ఒకసారి సరి గీతలు, సెకనులో 50వ వంతు తర్వాత బేసి గీతలు. మనిషి కదులుతుంటే ఈ రెండు సగాలూ పొసగక అంచులన్నీ దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ‘డి’ అక్షరం నొక్కితే ఆ పళ్లు చాలావరకు సర్దుకుంటాయి. అంతకంటే మంచిది, నాన్నగారు కదలకుండా ఉన్న క్షణాలు వెతకడం. పురోహితుడు మంత్రం చెబుతుంటే వింటూ కూర్చున్న చోట తప్పకుండా దొరుకుతాయి. మాట్లాడుతున్నప్పటి ఫ్రేమ్‌లో నోరు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇక్కడ చాలామంది చూడని తప్పు ఒకటుంది. ఈ వీడియో ఫైలులో బొమ్మ 720×576 చుక్కలుగా నిల్వ ఉంటుంది, కానీ తెర మీద 4:3 నిష్పత్తిలో, అంటే 768×576గా కనిపించాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని సాగదీయకుండా అలాగే సేవ్ చేస్తాయి. అప్పుడు ముఖం అడ్డంగా 6 శాతం సన్నబడుతుంది. అదే బొమ్మని వెడల్పు టీవీకి సరిపడా సాగదీసి ఎక్కిస్తే 33 శాతం లావవుతుంది. ‘మా నాన్న ఇంత బొద్దుగా ఉండేవారు కాదే’ అని బొమ్మ పూర్తయ్యాక అనుకోవడం ఇందువల్లే. పట్టుకోవడం తేలిక: వీడియోలో ఎదురుగా కనిపించే గుండ్రటి గోడ గడియారం ఒకటి చూసి, తెర మీద స్కేలు పెట్టి అడ్డం, నిలువు కొలవండి. రెండూ సమానం కాకపోతే ఫొటో వెడల్పు సరిచేశాకే ఆర్టిస్టుకి పంపండి.

క్యాసెట్ బొమ్మలో కనిపించే గరగర తగ్గించే కిటుకు కూడా ఒకటుంది. కదలని చోట వరసగా 5 ఫ్రేములు తీసి, ఫొటోషాప్‌లోగానీ ఉచితంగా దొరికే గింప్‌లోగానీ ఒకదానిమీద ఒకటి పేర్చండి. అన్నిటికంటే కిందిది 100 శాతం, దాని పైది 50, ఆ పైది 33, తర్వాతివి 25, 20 శాతం కనిపించేలా పెడితే అయిదూ సమానంగా కలుస్తాయి. గరగర ఫ్రేముకొక చోట ఉంటుంది, ముఖం మాత్రం ఒక్కచోటే ఉంటుంది. అందుకని గరగర పలచబడి ముఖం తేరుకుంటుంది. దీని బదులు ‘ఒక్క క్లిక్కుతో హెచ్‌డీ’ అనే యాప్‌ల జోలికి పోకండి. అవి లేని కళ్లని, లేని పళ్లని ఊహించి గీస్తాయి. చూడ్డానికి నున్నగా, స్పష్టంగా ఉంటుంది, కాకపోతే ఆ మనిషి మీ నాన్నగారు కారు.

రంగుల విషయంలో క్యాసెట్‌ని నమ్మొద్దు. ఈ వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో వెలుగునీడలు ఓ మాదిరిగా నమోదైనా రంగు చాలా ముతకగా పడుతుంది. ఎరుపైతే మరీ. కుంకుమబొట్టు పక్కకి కారినట్టు, పట్టుచీర ఎరుపు పక్కవాళ్ల చేతిమీదికి పాకినట్టు కనిపించేది అందుకే. నాన్నగారి ఒంటి రంగు కోసం ఇప్పుడున్న చిన్నాన్ననో మేనత్తనో పగటి వెలుగులో, కిటికీ పక్కన ఒక ఫొటో తీసి ‘ఈ చాయకి కొంచెం ముదురు’ అని రాసివ్వండి. చెవి ఆకారం, నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత ఆ గ్రూప్ ఫొటోలోంచి దొరకొచ్చు. దాన్ని 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేయించి ఇవ్వండి.

ఇక సైజు. ఫ్రేమ్ ఎత్తు మొత్తం 576 గీతలు. నడుము దాకా కనిపించే మనిషి ముఖానికి అందులో వచ్చేది సుమారు 140. రెండడుగుల కాన్వాస్ మీద ముఖం అసలు సైజుకి దగ్గరగా, 8–9 అంగుళాలు వేయాలి. 140 గీతల వివరాన్ని అంత పెద్దగా వేస్తే మిగతాదంతా ఆర్టిస్టు కల్పనే. మా సలహా: ఏ3 కాగితం, చార్‌కోల్, ముఖం 4–5 అంగుళాలు. చార్‌కోల్‌లో అంచులు మెత్తగా కలిసిపోతాయి కాబట్టి క్యాసెట్‌లో లేని వివరం లోటుగా అనిపించదు, రంగు గొడవా ఉండదు.

పెన్సిల్ గీతలు పూర్తవగానే ఫొటో తెప్పించి అమ్మగారికి చూపించండి. ‘బాగుందా’ అని అడిగితే బాగుందనే అంటారు. ‘ఎక్కడ తేడాగా ఉంది’ అని అడగండి. పై పెదవి, రెండు కళ్ల మధ్య దూరం, దవడ గీత, ఈ మూడింటిలో ఒకదాన్ని చూపిస్తారు చూడండి.

ఫోన్‌లో ఎంతో బాగా కనిపించే ఫొటోని ఆర్టిస్టు ‘చాలదు’ అంటున్నారు. వాట్సాప్‌లో పంపాను. (గాజువాక)

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని పొడవు వైపు దాదాపు 1600 చుక్కలకి కుదిస్తుంది. దాన్ని ఫోన్‌లో సేవ్ చేసుకుని మళ్లీ ఫొటోగా పంపితే ఇంకా నలుగుతుంది. అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. మీకే ఫార్వర్డ్‌గా వచ్చిన ఫొటో అయితే డాక్యుమెంట్‌గా పంపినా లాభం లేదు. తీసినవాళ్ల ఫోన్ నుంచే తెప్పించాలి. ఫొటో వివరాల్లో పొడవు 3000 చుక్కలు దాటి, ముఖం ఒక్కటే 800 పైన ఉంటే ఏ ఆర్టిస్టూ చాలదనడు.

ఇంకొకటి. చెయ్యి చాచి తీసుకున్న సెల్ఫీ ఎంత పెద్ద ఫైలైనా బొమ్మకి పనికిరాదు. అంత దగ్గర్నించి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరంలో వేరేవాళ్లు నిలబడి, రెండింతలు జూమ్ పెట్టి, ఫ్లాష్ లేకుండా తీసిందే పోలికకి మంచిది.

మనవరాలు పుట్టకముందే మా మావయ్యగారు పోయారు. ఆర్కే బీచ్‌లో తాతా మనవరాలూ పక్కపక్కన నిలబడ్డట్టు వేయించాం. ఇద్దరి పోలికలూ కుదిరాయి. అయినా బొమ్మ చూస్తే అతికించినట్టే ఉంది. పాపకి అయిదేళ్లు. (ఎంవీపీ కాలనీ)

పోలికలు కుదిరినా అతికించినట్టు ఉందంటే ముందు చూడాల్సింది సముద్రం గీత. నీళ్లూ ఆకాశమూ కలిసే ఆ గీత ఎప్పుడూ కెమెరా ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులోనే కనిపిస్తుంది. నిలబడి తీస్తే, అదే ఇసుకలో నిలబడ్డ పెద్దవాళ్లందరికీ, దగ్గరున్నా దూరమున్నా, ఆ గీత కళ్ల దరిదాపుల్లోంచే పోతుంది. అయిదేళ్ల పాపకైతే తల మీంచి పోవాలి. మీ బొమ్మలో తాతగారి ఫొటో స్టూడియోది అయ్యుంటుంది, పాప ఫొటో పైనుంచి కిందికి తీసింది అయ్యుంటుంది, వెనకాల సముద్రం మూడో ఫొటోలోది. మూడు కెమెరాలు మూడు ఎత్తుల్లో ఉన్నాయి. గీత తాతగారి మెడ దగ్గరో పాప నడుము దగ్గరో పోతోందేమో స్కేలు పెట్టి చూడండి. సముద్రం గీతని తాతగారి కళ్ల ఎత్తుకి జరిపితే సగం తేడా అక్కడే పోతుంది. ఆయిల్, యాక్రిలిక్ అయితే ఈ మార్పు ఇప్పటికీ సాధ్యమే. నీటిరంగులైతే కొత్తగా వేయాల్సిందే.

రెండోది వెలుగు. మన బీచ్‌లో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. పొద్దుట సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో ఉంటుంది, సాయంత్రం ఊరి వైపు నుంచి వెలుగు ముఖం మీద పడుతుంది. తాతగారికి ఎడమ చెంప మీద వెలుగు, పాపకి కుడి చెంప మీద, వెనకాల అలల మీద పొద్దుటి మెరుపు ఉంటే కంటికి తెలిసిపోతుంది, కారణం నోటికి రాదు అంతే. పాత ఫొటోని మార్చలేం కాబట్టి కొత్త ఫొటోనే దానికి తగ్గట్టు తీయాలి. తాతగారి ముక్కు నీడ ఎటు పడిందో చూసి, పాపని కిటికీ పక్కన అదే దిక్కుగా నిలబెట్టండి. కెమెరాని తాతగారి కళ్ల ఎత్తుకి సమానంగా పట్టుకోండి, పాప ముందు వంగొద్దు.

మూడోది పాప తల. ఎత్తు తక్కువ కదా అని ఆర్టిస్టులు తలని కూడా అదే లెక్కన తగ్గించేస్తారు. అయిదేళ్లకి పిల్లల తల చుట్టుకొలత 50 సెంటీమీటర్ల దాకా వస్తుంది, పెద్దవాళ్లది 55 అటూ ఇటూ. తలలో తేడా కొంచెమే, ఒంటిలోనే ఎక్కువ. తల బాగా తగ్గిస్తే పాప కాస్తా మరుగుజ్జు మనిషిలా కనిపిస్తుంది.

ఎలాగూ కొలుస్తున్నారు కాబట్టి, బొమ్మ అద్దంలోలా తిరగబడిందేమో కూడా చూడండి. ముందు కెమెరాతో తీసిన ఫొటోలు కొన్ని ఫోన్లలో కుడిఎడమలు మారి సేవ్ అవుతాయి. తాతగారి చొక్కా జేబు ఆయనకి ఎడమవైపే ఉందా? ఆర్కే బీచ్‌లో సముద్రం వైపు చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ కుడిచేతి వైపు ఉండాలి. ఎడమకి వచ్చిందంటే ఆ ఫొటో తిరగబడిందే.

కొత్తగా వేయించేట్టయితే నిలబడే భంగిమ వదిలేయండి. తాతగారి ఒడ్డూ పొడుగూ ఉన్న బంధువు ఎవరికైనా ఆయనలాగే పంచె కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, పాపని ఒళ్లో పెట్టి ఫొటో తీయండి. చేతులు ఎక్కడ పడ్డాయి, పంచె మడతలు పాప బరువుకి ఎలా నలిగాయి అన్నది ఆ ఫొటో ఇస్తుంది. ముఖం మాత్రం పాత ఫొటోలోంచి వస్తుంది. తల వంచిన కోణం రెండిట్లో ఒకటే ఉండాలి సుమా.

‘చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్’ అని వేరే ఊరి నుంచి తెప్పించాను. ముట్టుకుంటే గరుకుగా ఉంది గానీ నాకు ప్రింటేమోనని అనుమానం. (సీతమ్మధార)

గది చీకటి చేసి టార్చిని బొమ్మ పక్కనుంచి, దాదాపు గోడకి ఆనించి వేయండి. కుంచె గరుకు ఎటు పోతోందో చూడండి. నిజంగా వేసిన బొమ్మలో జుట్టు దగ్గర జుట్టు వెంట, చెంప దగ్గర చెంప వంపు వెంట, చీర అంచు దగ్గర అంచు వెంట పోతుంది. ప్రింటు మీద పారదర్శకమైన జెల్ పూసినదైతే గరుకు ఒక తీరు, బొమ్మ ఇంకో తీరు. గరుకు కనుబొమ్మని అడ్డంగా దాటిపోతుంది, నేపథ్యంలో కూడా అదే విసురు కనిపిస్తుంది. తర్వాత గడియారాలు బాగుచేసేవాళ్ల దగ్గరుండే భూతద్దంతో కంటి తెల్లగుడ్డు, చెంప మీది మెరుపు చూడండి. సన్నటి రంగు చుక్కలు సమానంగా చల్లినట్టుంటే ప్రింటే. చెక్కకి మడిచిన పక్క అంచు కూడా సాక్ష్యమే: ప్రింటు అక్కడ గీత గీసినట్టు ఆగిపోతుంది, చేతిరంగు ఎగుడుదిగుడుగా ఆగుతుంది.

ప్రింటు మీద చేతిపని తప్పుడు పనేం కాదు, అది అదేనని చెప్పి ఆ ధరకి అమ్మితే. ఈసారి ఆర్డరిచ్చే ముందు ‘ఖాళీ కాన్వాస్ మీద, కింద ప్రింటు లేకుండా’ అన్న మాట రాతలో తీసుకోండి. గీతలు గీశాక, మొదటి రంగు పూత పడ్డాక, ముఖం పూర్తయ్యాక మూడు ఫొటోలు, చివర్లో బొమ్మని అటూఇటూ వాల్చుతూ తీసిన చిన్న వీడియో అడగండి. నిజంగా వేసేవాళ్ల దగ్గర ఇవి ఎలాగూ ఉంటాయి. నమూనాగా పంపిన బొమ్మ కంప్యూటర్ కల్పించిందేమో అనిపిస్తే నగలు చూడండి. నల్లపూసలు మధ్యలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం, రెండు చెవుల జూకాలు రెండు రకాలుగా ఉండటం, గాజులు చేతిలోకి దిగిపోవడం దాని గుర్తులు.

ఏటికొప్పాక బొమ్మల్లా మా దంపతుల పోలికలతో చేయించుకోవచ్చా? (అనకాపల్లి)

పోలిక రాదు. ఆ బొమ్మలు అంకుడు కర్రని తిరిగే లేత్ యంత్రం మీద చెక్కి, తిరుగుతుండగానే లక్కని అదిమి ఆ రాపిడి వేడికి రంగెక్కించేవి. అందుకే అన్నీ గుండ్రటి రూపాలు, కళ్లూ ముక్కూ రెండు గీతలు. మీ పెళ్లినాటి చీర రంగు, అంచు, తలపాగా, ఎత్తుల్లో తేడా, మీసం చెప్పి చేయించుకోవచ్చు. చూసినవాళ్లకి మీరేనని తెలియడానికి అవి చాలు. రంగుల విషయంలో పట్టుపట్టకండి. ఆకులు, గింజలు, వేళ్ల నుంచి తీసే రంగులవి, నియాన్ గులాబీ రాదు.

మా అమ్మమ్మ పెళ్లినాటి ఫొటో హుద్‌హుద్ తుపానులో తడిసి అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీసి ఇస్తే పెద్దది చేసి రంగుల్లో వేస్తామంటున్నారు. (పెదవాల్తేరు)

ఊడదీయకండి. అలాంటి పాత ఫొటో పైపొర జెలటిన్. 2014 అక్టోబరులో తడిసి, అద్దానికి ఆనుకుని ఆరిపోయిందంటే ఆ పొర అద్దానికి జిగురులా పట్టేసి ఉంటుంది. కాగితాన్ని లాగితే ముఖం అద్దం మీద మిగిలిపోతుంది.

ఫ్రేమ్ విప్పి, వెనక అట్ట, మేకులు తీసేసి, అద్దమూ ఫొటో కలిపి అలాగే స్కానర్ మీద అద్దం వైపు కిందికి పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. ముందు అద్దం బయటివైపు మెత్తటి గుడ్డతో తుడవాలి. ద్రవం ఏదీ నేరుగా అద్దం మీద చల్లొద్దు, అంచుల్లోంచి లోపలికి పాకుతుంది. స్కానర్‌లో పట్టని సైజైతే కిటికీ పక్కన బల్లమీద పెట్టి, నల్ల గుడ్డ కప్పుకుని తిన్నగా పైనుంచి ఫొటో తీస్తే ప్రతిబింబం పడదు. అద్దానికి అంటినచోట ముదురుగా, అంటనిచోట లేతగా మచ్చలు వస్తాయి. అవి మరకలు కావని ఆర్టిస్టుకి చెప్పండి, లేకపోతే అమ్మమ్మ చెంప మీద నీడగా వేసేస్తారు.

రంగులు మీరే చెప్పాలి. నలుపు తెలుపు ఫొటోలో ముదురు ఎరుపు చీర, ముదురు ఆకుపచ్చ చీర ఒకేలా బూడిదరంగులో కనిపిస్తాయి. ఆ చీర ముక్క పెట్టెలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఫొటోలో కనిపించే నగ ఇప్పుడు ఎవరి దగ్గరుందో కనుక్కుని దాన్ని విడిగా, దగ్గరగా ఫొటో తీసివ్వండి. పాత ఫొటోలో నాలుగు చుక్కలుగా కనిపించే అడ్డిగ రాళ్లు అసలు నగ చూశాకే సరిగ్గా పడతాయి.

ఎంత ముందు చెప్పాలి? ఏమేం రాసుకోవాలి? అడ్వాన్సు ఎంత? (గోపాలపట్నం)

పెన్సిల్, చార్‌కోల్‌కి నెల చాలు. ఆయిల్‌కి మూడు నెలలు పెట్టుకోండి. పలచటి పూత ముట్టుకుంటే అంటకుండా ఆరడానికే కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, అలాంటి పూతలు మూడు నాలుగుంటాయి. వానాకాలంలో ఇంకా సాగుతుంది. సంప్రదాయ పద్ధతిలో వార్నిష్‌కి ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి కాబట్టి, బొమ్మ తెచ్చుకున్నాక అక్కడక్కడా జీవం పోయినట్టు వెలిసి కనిపిస్తే కంగారు పడకండి. వార్నిష్‌తో సమానమవుతుంది. ఆ వార్నిష్ ఎవరు వేస్తారు, దానికి వేరే డబ్బులా అన్నది ముందే తేల్చుకోండి.

ధర సాధారణంగా సైజు, తలల లెక్క, మాధ్యమం మీద ఉంటుంది. తలకి కనీసం రెండంగుళాలు రాకపోతే పోలిక నిలవదు. ఏ4లో ఒకరు, ఏ3లో ఇద్దరు, ముగ్గురైతే అంతకంటే పెద్ద కాగితం. ‘ఏ4లోనే అయిదుగురినీ సర్దండి’ అని బేరమాడితే నష్టం మీకే.

డబ్బు మూడు ముక్కలుగా ఇవ్వడం ఇద్దరికీ క్షేమం: మొదట మూడో వంతు, గీతలు ఒప్పుకున్నాక ఇంకో వంతు, తీసుకునేటప్పుడు మిగతాది. వాట్సాప్‌లో ఒక్క సందేశం పెట్టి ‘సరే’ అనిపించుకుంటే చాలు. ఇలా: ‘ఏ3, 200 జీఎస్ఎమ్ ఆమ్లం లేని కాగితం, చార్‌కోల్, ఇద్దరు, నడుము దాకా. మొదటి ఫొటో ముఖానికి, రెండోది చీరకి, మూడోది నగలకి. నాన్న కళ్లజోడు ఉంచాలి, అద్దాల మెరుపు తీసేయాలి. కుడి చెంప మీది పుట్టుమచ్చ ఉండాలి. గీతల దశలో రెండు మార్పులు ఉచితం. ఫ్రేమ్ లేకుండా, ఫలానా తేదీకి.’ పుట్టుమచ్చ ఉంచాలో తీసేయాలో చెప్పకపోవడం వల్ల వచ్చే తగాదాలు ఇన్నీ అన్నీ కావు. మచ్చ అనుకుని చెరిపేస్తారు, ఇంట్లోవాళ్లకేమో అదే ఆనవాలు.

ఆర్టిస్టుని ఎంచుకునేటప్పుడు సినిమావాళ్ల బొమ్మలు చూసి మోసపోకండి. వాళ్ల ఫొటోలు స్టూడియో వెలుగులో తీసినవి, పైగా మన కన్ను పోలికని తనే పూరించుకుంటుంది. ముసలివాళ్లవి, పసిపిల్లలవి, పళ్లు కనిపించేలా నవ్వేవాళ్లవి వేసినవి చూపించమనండి, పక్కనే అసలు ఫొటో కూడా. పళ్లని ఒక్కొక్కటిగా గీతలు కొట్టి వేసేవాళ్ల దగ్గర నవ్వు ఫొటో ఇవ్వకండి. చెయ్యి తిరిగినవాళ్లు ఎవరూ తెలియకపోతే ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడ చదువుకుంటున్నవాళ్లని, చదివి వెళ్లినవాళ్లని వాకబు చేయండి.

పెళ్లి ఫొటోగ్రాఫర్ ‘నా ఫొటో నుంచి బొమ్మ ఎలా వేయిస్తారు’ అంటున్నాడు. ఆర్టిస్టు ఏమో మమ్మల్ని అడక్కుండా మా పాప బొమ్మని ఇన్‌స్టాలో పెట్టుకున్నారు. (అక్కయ్యపాలెం)

1957 కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ చూపించండి. డబ్బిచ్చి చెప్పి తీయించుకున్న ఫొటోకి, వేయించుకున్న చిత్తరువుకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు చెప్పి చేయించుకున్నవారే. పెళ్లి ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది. అయితే బుకింగ్ కాగితంలో హక్కు స్టూడియోదేనని సన్న అక్షరాల్లో రాసి, మీరు సంతకం పెట్టి ఉంటే కథ మారుతుంది, తీసి చూడండి. మీరు తీయించని ఫొటో, అంటే ఎవరో ఫొటోగ్రాఫర్ పేజీలో నచ్చి దించుకున్నది, మీది కాదు.

పాప బొమ్మకీ అదే సూత్రం, తీసేయమని అడగొచ్చు. కాకపోతే ఆర్టిస్టులకి అదే ప్రచారం, అదే అన్నం. వచ్చేసారి సందేశంలోనే ‘పిల్లల బొమ్మ నెట్‌లో పెట్టకూడదు’ అని ఒక వాక్యం రాయండి. హక్కు మీదైనా, బొమ్మ తనదని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ కింద ఆర్టిస్టుకే ఉంటుంది. మూలనున్న సంతకాన్ని ఫ్రేమ్ కింద మడిచి దాచొద్దు.

సాగర్ నగర్‌లో సముద్రానికి ఎదురు ఫ్లాట్. అత్తగారి ఆయిల్ పెయింటింగ్ ఏడాదిలోనే మచ్చలు పడింది. రోజూ దండ వేసి దీపం పెడతాం. (సాగర్ నగర్)

మచ్చలు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి కారణం. కింది అంచున వరసగా ఉంటే తడి పూలదండ. నీళ్లు జారి ఫ్రేమ్ అడుగు సందులో నిలిచి, కాన్వాస్ అక్కడ్నించి చెమ్మ పీలుస్తుంది. మధ్యలో నల్లగా, జిడ్డుగా ఉంటే దీపం, అగరుబత్తి పొగ. వెనకవైపు నల్లటి చుక్కలుంటే గోడ చెమ్మకి పట్టిన బూజు. నుదుట కుంకుమ తడిపి నేరుగా కాన్వాస్ మీద పెడుతున్నారా? అది రంగులోకి ఇంకిపోతుంది, తర్వాత తీయలేం.

పూజలో ఉండే పటానికి అద్దం తప్పనిసరి, ఆయిల్ అయినా సరే. కానీ అద్దం బొమ్మకి ఆనకూడదు. లోపల చుట్టూ అర సెంటీమీటరు పట్టీ వేసి ఎడం ఉంచమని పటాలు కట్టేవాళ్లకి చెప్పండి. కాగితం మీది బొమ్మకైతే మౌంట్ అట్ట ఆ పని చేస్తుంది. లామినేషన్ మాత్రం ఎవరెంత చెప్పినా వద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు. బొట్టు అద్దం మీద పెట్టండి, దండకి ఎండు చందనపు పూసలు వాడండి. దీపాన్ని పటం కింద కాకుండా రెండడుగులు పక్కకి జరపండి. ఫ్రేమ్ వెనక కింది రెండు మూలలా బుడ్డి మూత కార్క్ ముక్కలు అంటిస్తే గోడకీ కాన్వాస్‌కీ మధ్య గాలి ఆడుతుంది. ఇనప కొక్కెం, ఇనప తీగ మీ ఇంట్లో ఉప్పుగాలికి ఎన్నాళ్లో నిలవవు. ఇత్తడి కొక్కెం, స్టెయిన్‌లెస్ తీగ పెట్టించి ఏడాదికోసారి తీగని లాగి చూడండి. బయటి గోడ కాకుండా లోపలి గోడకి మార్చగలిగితే ఇంకా మేలు.

ఇప్పుడున్న మచ్చల్ని తడిగుడ్డతో రుద్దకండి. వెనకవైపు బూజుని మాత్రం ఎండపొడ తగలని, గాలి ఆడే చోట బోర్లా ఆరబెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో దులపొచ్చు. ముందువైపు పని వేసిన ఆర్టిస్టుకే వదిలేయండి. ఇంకా వార్నిష్ వేయలేదంటే, శుభ్రం చేయించాక అది కూడా అప్పుడే వేయించండి.